కొత్త ఇంట్లో కట్టెల ఫైర్‌ప్లేస్ కావాలా? ప్లాన్ దగ్గర్నుంచి మొదటి మంట దాకా ఒక్కో స్టెప్పూ

అమెరికాలో కొత్త ఇల్లు కట్టించుకునే మన తెలుగువాళ్ళు ఎక్కువమంది ఫైర్‌ప్లేస్ గురించి ఆలోచించేది డిజైన్ సెంటర్‌లో టైల్స్, కౌంటర్‌టాప్స్ ఎంచుకునే రోజున. గ్యాస్‌ది అయితే అప్పుడైనా పర్లేదు, కానీ నిజంగా కట్టెలు కాల్చేది కావాలంటే అప్పటికే లేటైపోయినట్టే, ఎందుకంటే చిమ్నీ ఎక్కడ లేస్తుంది, దాని కింద ఫౌండేషన్ కావాలా, మంటకి గాలి ఎక్కడ్నుంచి వస్తుంది అన్నవన్నీ ప్లాన్‌లోనే తేలిపోవాలి. అందుకే ఇక్కడ ముందు పర్మిషన్, తర్వాత మీ అవసరం, రకం, చిమ్నీ, గాలి, ఇవన్నీ అయ్యాకే అందం సంగతి. షోరూమ్‌లో నచ్చిన మోడల్‌తో మొదలుపెట్టి వెనక్కి వస్తే ప్రతిచోటా రాజీ పడాల్సి వస్తుంది.

స్టెప్ 1: మీ ఊళ్ళో అసలు ఒప్పుకుంటారా

ఇది తెలుసుకోకుండా ఒక్క డాలర్ కూడా అడ్వాన్స్ ఇవ్వొద్దు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 2016 నవంబర్ 1 నుంచి కొత్తగా కట్టే ఇళ్ళల్లో కట్టెలు కాల్చేది ఏదీ పెట్టకూడదు, ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సర్టిఫై చేసిన ఎంత క్లీన్‌గా కాలే మోడల్ అయినా సరే. కాబట్టి ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్ వైపు కట్టించుకునేవాళ్ళు ఇక్కడితో ఆగి గ్యాస్‌దో ఎలక్ట్రిక్‌దో చూసుకోవడమే. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల సౌత్ కోస్ట్ ఎయిర్ డిస్ట్రిక్ట్‌లో కూడా 2009 నుంచి కొత్త డెవలప్‌మెంట్లకి దాదాపు ఇదే రూలు, ఎత్తైన కొండ ప్రాంతాల్లాంటి కొన్ని మినహాయింపులతో. డెన్వర్ మెట్రోలో మామూలు ఓపెన్ ఫైర్‌ప్లేస్ కొత్తగా పెట్టనివ్వరు. సియాటిల్ వైపు పెట్టుకోవచ్చు గానీ చలికాలంలో గాలి కదలకుండా పొగ నిలిచిపోయిన రోజుల్లో బర్న్ బ్యాన్ పెడతారు, మొదటి స్టేజ్‌లో సర్టిఫైడ్ స్టవ్‌లకి అనుమతి ఉంటుంది, ఓపెన్ ఫైర్‌ప్లేస్‌లకి ఉండదు. టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా, ఒహాయో, న్యూ హ్యాంప్‌షైర్ లాంటి చోట్ల ఇంత ఇబ్బంది లేదు, అయినా సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఒక ఫోన్, హెచ్‌ఓఏకి (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానికి) ఒక ఈమెయిల్, ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఇంకో ఫోన్ చేసి తీరాలి. కట్టెలు కాల్చే పరికరం ఉందంటే ప్రీమియం పెంచే కంపెనీలు ఉన్నాయి, ఇన్‌స్టాలేషన్ ఇన్‌స్పెక్షన్ పేపర్ అడిగేవీ ఉన్నాయి.

స్టెప్ 2: మీకు కావాల్సింది మంటా, వేడా, కరెంట్ పోయినప్పుడు ఆసరానా

ఈ ప్రశ్నకి ఇంట్లో అందరూ కూర్చుని ఒక జవాబు అనుకోండి, ఎందుకంటే మూడింటికీ మూడు వేరే వస్తువులు. ఓపెన్ ఫైర్‌ప్లేస్ చూడ్డానికి ఎంత బావుంటుందో వేడి విషయంలో అంత దండగ, కట్టెలోని వేడిలో పదో వంతు గదికి దక్కితే గొప్ప, మిగతాది చిమ్నీలోంచి పోతుంది, పోతూ పోతూ మీ ఫర్నేస్ వేడిచేసిన గాలిని కూడా లాక్కుపోతుంది. దగ్గర కూర్చున్నవాళ్ళకి సెగ తగులుతుంది గానీ వెనకాల బెడ్‌రూమ్‌లు ఇంకా చల్లబడతాయి. గాజు తలుపు బిగుతుగా మూసుకుని లోపల గాలిని కంట్రోల్ చేసే సర్టిఫైడ్ మోడల్ అయితే 60 నుంచి 80 శాతం దాకా వేడి ఇంటికే వస్తుంది, కట్టెలు కూడా చాలా తక్కువ పడతాయి.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళు 2021 ఫిబ్రవరి మర్చిపోలేదు. లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంట్ లేదు, చలికి తట్టుకోలేక ఇంట్లో గ్రిల్ వెలిగించుకుని, గరాజ్‌లో కారు ఆన్ చేసుకుని కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ భయంతోనే కట్టెల ఫైర్‌ప్లేస్ అడిగేవాళ్ళు మనవాళ్ళలో కూడా ఉన్నారు, అది న్యాయమైన కారణమే. అయితే అలాంటప్పుడు బ్లోయర్ ఫ్యాన్ లేకుండానే గదిని వేడిచేసే మోడల్ చూసుకోవాలి. కొన్నిటి డిజైన్ అంతా ఫ్యాన్ మీదే ఆధారపడుతుంది, కరెంట్ పోతే సగం వేడి గోడలోనే ఉండిపోతుంది. డీలర్‌ని సూటిగా అడగండి, ఫ్యాన్ ఆగితే ఎంత వస్తుంది అని.

ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలున్నా, ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లు ఉండే అమ్మానాన్నలకి ఊపిరితిత్తుల సమస్య ఉన్నా ఓపెన్ రకం వద్దే వద్దు అని నా గట్టి అభిప్రాయం. తలుపు మూసి కాల్చే మోడల్‌లో కూడా కట్టె వేసిన ప్రతిసారీ కాస్త పొగ బయటికి వస్తుంది, డాక్టర్‌ని అడిగాకే ముందుకెళ్ళండి.

స్టెప్ 3: నాలుగు రకాలు, అందులో కొత్త ఇంటికి ఏది

మొదటిది మేసన్రీ, అంటే ఇటుకతో రాయితో అక్కడికక్కడే కట్టేది. తరాలు నిలుస్తుంది, అన్నిటికంటే ఖరీదు, దీనికి సొంత ఫుటింగ్ (కింద కాంక్రీట్ పునాది) కావాలి, బిల్డింగ్ కోడ్ ప్రకారం కనీసం 12 అంగుళాల మందం, ఫైర్‌ప్లేస్ అంచుల కంటే ప్రతివైపూ 6 అంగుళాలు ఎక్కువ. ఇది కావాలంటే మాట్లాడాల్సింది ఫౌండేషన్ పొయ్యకముందే. ఇందులోనే రమ్‌ఫర్డ్ అని ఒక ఆకారం ఉంది, 1790ల్లో కౌంట్ రమ్‌ఫర్డ్ పేరుతో తెలిసిన బెంజమిన్ థామ్సన్ రూపొందించింది, ఎత్తుగా, లోతు తక్కువగా, పక్క గోడలు బాగా విచ్చుకుని ఉంటాయి, కాబట్టి సెగ గదిలోకి ఎక్కువ కొడుతుంది. ఓపెన్ మంటే కావాలి అని మనసు పడితే మామూలు లోతైన పెట్టె కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

రెండోది బిల్డర్లు ఎక్కువగా పెట్టే ఫ్యాక్టరీ మేడ్ రేకు పెట్టె, 36 లేదా 42 అంగుళాల ఓపెనింగ్, చెక్క ఫ్రేమ్‌కి దగ్గరగా పెట్టుకోవచ్చు కాబట్టి జీరో క్లియరెన్స్ అంటారు. చవక, తేలిక, కానీ ఇదీ ఓపెన్ ఫైర్‌ప్లేసే, వేడి ఆశించొద్దు. ఇందులో కొన్నిటి మీద ఈపీఏ క్వాలిఫైడ్ అని ఉంటుంది, అది పొగ కాస్త తక్కువ అని చెప్పే వాలంటరీ ప్రోగ్రామ్ మాత్రమే, హీటర్ సర్టిఫికేషన్‌తో దానికి సంబంధం లేదు.

మూడోది హై ఎఫిషియెన్సీ జీరో క్లియరెన్స్. చూడ్డానికి గోడలో ఇమిడిన ఫైర్‌ప్లేస్‌లానే ఉంటుంది, లోపల పనిచేసేది మంచి కట్టెల స్టవ్‌లాగా. 2020 మే 15 నుంచి అమలైన ఈపీఏ స్టాండర్డ్ ప్రకారం గంటకి 2 గ్రాములు, అసలు కట్టెలతో టెస్ట్ చేస్తే 2.5 గ్రాముల కంటే ఎక్కువ పొగ నుసి రాకూడదు. ఆర్ఎస్ఎఫ్, పసిఫిక్ ఎనర్జీ, ఫైర్‌ప్లేస్ ఎక్స్‌ట్రార్డినేర్, సుప్రీమ్ లాంటి కంపెనీలు ఈ రకం చేస్తాయి. చిమ్నీతో, ఇన్‌స్టాలేషన్‌తో కలిపి పదివేల డాలర్లు దాటడం మామూలే. కొత్త ఇంటికి నా సలహా మాత్రం ఇదే, మళ్ళీ మళ్ళీ ఇదే.

నాలుగోది విడిగా నిలబెట్టే స్టవ్. అన్నిటికంటే తక్కువ ఖర్చులో ఎక్కువ వేడి, కరెంట్ అక్కర్లేదు, గోడలోకి పోదు కాబట్టి గదిలో కొంత చోటు తింటుంది. వేడే మీ అసలు అవసరం అయితే మొహమాటపడకుండా ఇది తీసుకోండి.

ఇన్సర్ట్ అనే మాట కూడా వింటారు, అది పాత మేసన్రీ ఫైర్‌ప్లేస్‌లోకి దూర్చేది, కొత్త ఇంటికి దాంతో పని లేదు. కానీ ఇక్కడో ఉచ్చు ఉంది. ఇప్పటికి చవక రేకు పెట్టె పెట్టించుకుని తర్వాత ఇన్సర్ట్ వేసుకుందాంలే అనుకుంటారు చాలామంది. ఆ రేకు పెట్టెలు యూఎల్ 127 అనే సేఫ్టీ స్టాండర్డ్ కింద తమ సొంత చిమ్నీ పైపులతో కలిపి టెస్ట్ అయినవి, అందులో ఇన్సర్ట్ పెట్టొచ్చని తయారీదారు మాన్యువల్‌లో రాసి ఉంటే తప్ప పెట్టకూడదు. మార్చాలంటే గోడ పగలగొట్టి పెట్టె, పైపు మొత్తం పీకాల్సిందే. అందుకే మొదటి పెట్టె ఎంపికే ఆఖరి ఎంపిక అనుకుని కూర్చోండి.

స్టెప్ 4: ముందు చిమ్నీ గీయండి, తర్వాత ఫైర్‌ప్లేస్

ఫైర్‌ప్లేస్ పనిచేసేది చిమ్నీ లాగితేనే. వేడి గాలి తేలిక, పైకి పోతుంది, చిమ్నీ ఎంత ఎత్తుగా ఎంత వెచ్చగా ఉంటే అంత బాగా లాగుతుంది. బిల్డర్లకి ఇష్టమైన చోటు బయటి గోడ, అక్కడ చిన్న పెట్టెలా బయటికి పొడుచుకొచ్చిన చెక్క ఛేజ్ (చిమ్నీ పైపుని కప్పే గూడు) కట్టేస్తే పని సులువు. కానీ అలా మూడువైపులా చలిలో నిలబడ్డ చిమ్నీ వెలిగించేసరికే గడ్డకట్టి ఉంటుంది, చల్లగాలి పైనుంచి కిందకి జారుతూ పొగని గదిలోకి నెడుతుంది. చిమ్నీ ఇంటి మధ్యనుంచి, వీలైతే పైకప్పు శిఖరానికి దగ్గరగా లేస్తే ఈ బాధ సగానికి సగం ఉండదు. ఇంకో చెడ్డ డిజైన్ ఏంటంటే రెండంతస్తుల ఇంట్లో ఒకే అంతస్తు ఉన్న భాగంలో ఫైర్‌ప్లేస్ పెట్టడం, అప్పుడు చిమ్నీ కంటే ఇల్లే ఎత్తు, చలికాలంలో ఇల్లే పెద్ద చిమ్నీ అయిపోయి అసలు చిమ్నీలోంచి గాలిని కిందకి లాక్కుంటుంది.

పైకప్పు దగ్గర కోడ్ లెక్క 3-2-10 అని గుర్తుపెట్టుకోండి, చిమ్నీ కప్పు దాటిన చోటునుంచి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి, పక్కకి 10 అడుగుల లోపల ఉన్న దేనికంటే అయినా 2 అడుగులు ఎత్తుండాలి. మొత్తం చిమ్నీ ఎత్తు చాలా మోడల్స్‌కి 15 అడుగుల దగ్గర కనీసం అడుగుతారు, మీ మోడల్ మాన్యువల్ చూడండి. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది, పైన బెడ్‌రూమ్ క్లోజెట్ అడ్డొస్తుందని మెలికలు తిప్పే కంటే ప్లాన్‌లో క్లోజెట్‌నే అడుగు జరిపించడం నయం. మిన్నెసోటా, మిషిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో గాలితో చల్లబడే రకం పైపు వద్దని, ఇన్సులేటెడ్ పైపు కావాలని అడగండి. ఛేజ్ తప్పనిసరిగా బయటే ఉండాల్సొస్తే దాని లోపలి గోడలకి ఇన్సులేషన్, ఎయిర్ సీలింగ్ చేయించండి, పైన మూత స్టెయిన్‌లెస్ స్టీల్‌ది వేయించండి, గాల్వనైజ్డ్ రేకు తుప్పుపట్టి నీళ్ళు కారడం చాలా ఇళ్ళల్లో జరుగుతుంది.

వాస్తు సంగతి కూడా ఇక్కడే. అగ్ని కాబట్టి ఆగ్నేయంలో ఉండాలని పెద్దవాళ్ళు అంటారు, అది మీకు ముఖ్యమైతే ప్లాన్ దశలోనే ఆర్కిటెక్ట్‌కి చెప్పండి, ఆగ్నేయంలో చిమ్నీ నిటారుగా లేచే దారి, కప్పు ఎత్తు కుదురుతున్నాయో లేదో వాళ్ళు చూస్తారు. డ్రాయింగ్ మీద గది అటూ ఇటూ మార్చడం పెద్ద పని కాదు, ఫ్రేమింగ్ అయ్యాక ఎవరి వల్లా కాదు.

స్టెప్ 5: గాలి, ముఖ్యంగా మన వంటగది

ఈ స్టెప్ కోసమే ఇదంతా రాస్తున్నాను అనుకోండి, ఇది ఇంగ్లీష్ గైడ్లలో ఒక లైన్‌తో అయిపోతుంది, మన ఇళ్ళల్లో మాత్రం ఇదే అసలు సమస్య.

ఇప్పటి కొత్త ఇళ్ళు గాలి చొరబడకుండా బిగించి కడతారు. ఎనర్జీ కోడ్ ప్రకారం చాలా రాష్ట్రాల్లో బ్లోయర్ డోర్ టెస్ట్ (తలుపు దగ్గర ఫ్యాన్ పెట్టి ఇంటి లీకులు కొలిచే పరీక్ష) చేసి, 50 పాస్కల్స్ ప్రెషర్ దగ్గర గంటకి 3 సార్ల కంటే ఎక్కువ ఇంటి గాలి మారకూడదని చూస్తారు, వేడి రాష్ట్రాల్లో 5. పాత ఇళ్ళల్లో కిటికీ సందుల్లోంచి వచ్చే గాలితోనే మంట బతికేసేది, ఇప్పుడు ఆ సందులు లేవు.

ఇక మనం ఏం చేస్తాం? చేపల వేపుడు, పోపు ఘాటు ఇల్లంతా పట్టకూడదని స్పైస్ కిచెన్ పెట్టించి 900, 1200 సీఎఫ్ఎమ్ రేంజ్ హుడ్ వేయిస్తాం. అది నిమిషానికి 1200 ఘనపుటడుగుల గాలిని బయటికి తోస్తుంది. ఆ గాలి లోపలికి ఎక్కడో ఒకచోటునుంచి రావాలి కదా, బిగుతైన ఇంట్లో దానికి దొరికే పెద్ద కన్నం ఫైర్‌ప్లేస్ చిమ్నీయే. లివింగ్ రూమ్‌లో మంట వెలుగుతుండగా వంటగదిలో హుడ్ ఫుల్‌లో పెడితే చిమ్నీ తిరగబడి పొగ ఇంట్లోకి వస్తుంది. మంట జోరుగా ఉన్నప్పుడు కళ్ళు మండి తెలుస్తుంది, కానీ రాత్రి నిప్పులు మాత్రమే మిగిలాక పొగ ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది, దానికి వాసన లేదు. పండగపూట పదిమంది ఇంటికొచ్చి ఒకవైపు గారెలు వేగుతూ ఇంకోవైపు ఫైర్‌ప్లేస్ వెలిగే సాయంత్రమే అన్నిటికంటే ప్రమాదం.

అందుకని మూడు పనులు. ఒకటి, ఫైర్‌ప్లేస్‌కి బయటినుంచి నేరుగా గాలి తెచ్చే డక్ట్ వేయించండి, అది కోడ్‌లో ఎలాగూ ఉంది, దాని నోరు గరాజ్‌లోకో బేస్‌మెంట్‌లోకో తెరుచుకోకూడదు. రెండు, కట్టెలు కాల్చే పరికరం ఉన్న ఇంట్లో 400 సీఎఫ్ఎమ్ దాటిన హుడ్‌కి మేకప్ ఎయిర్ కావాలి, అంటే హుడ్ ఆన్ అవ్వగానే డ్యాంపర్ (గాలిదారికి ఉండే మూత) తెరుచుకుని బయటి గాలి లోపలికొచ్చే ఏర్పాటు. హుడ్‌ని ఇల్లు చేతికొచ్చాక మనమే బయటనుంచి తెచ్చి మార్చుకునే అలవాటు మనవాళ్ళకి ఉంది, అలా చేస్తే ఇన్‌స్పెక్టర్ లెక్కలన్నీ వృథా అయిపోతాయి, ఫైనల్‌గా పెట్టబోయే హుడ్ సైజే బిల్డర్‌కి ముందే చెప్పండి. మూడు, గాజు తలుపు బిగుతుగా మూసుకునే మోడలే తీసుకోండి. బాత్‌రూమ్ ఫ్యాన్లు, బట్టల డ్రైయర్ కూడా గాలి లాగేవే, హెచ్‌వీఏసీ (హీటింగ్, ఏసీ పనులు చేసే) అతనికి ఇవన్నీ కలిపి లెక్కేయమనండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారమ్ ప్రతి ఫ్లోర్‌లో, బెడ్‌రూమ్‌ల బయట. దీని గురించి చర్చే లేదు.

స్టెప్ 6: సైజు, టీవీ, ముందు నేల

డబల్ హైట్ ఫ్యామిలీ రూమ్ చూసి పెద్ద ఫైర్‌ప్లేస్ కొనేస్తారు. సర్టిఫైడ్ మోడల్‌లో అతి పెద్దది తీసుకుని గది ఉడికిపోతోందని గాలి తగ్గించి మెల్లగా కాలిస్తే అది పొగచూరి చిమ్నీలో క్రియోసోట్ (అంటుకునే జిగట మసి) పేరుకుంటుంది, చిమ్నీ మంటలకి మూలం అదే. కొంచెం చిన్నది తీసుకుని జోరుగా కాల్చుకోవడం మంచిది. ఎత్తైన సీలింగ్ ఉంటే వేడంతా పైకి పోతుంది కాబట్టి సీలింగ్ ఫ్యాన్ రివర్స్‌లో మెల్లగా తిప్పండి.

ఫైర్‌ప్లేస్ పైన టీవీ పెట్టే మోజు ఉంటే రెండోసారి ఆలోచించండి. గ్యాస్ మోడల్స్‌కి గోడని చల్లగా ఉంచే కిట్లు చాలా వచ్చాయి, కట్టెల దాంట్లో సెగ చాలా ఎక్కువ. పక్క గోడకి టీవీ పెట్టుకుంటే మెడకీ సుఖం, టీవీకీ సుఖం. చెక్క మాంటిల్ (ఫైర్‌ప్లేస్ పైన ఉండే పలక) కూడా ఎంత దూరంలో ఉండాలో మోడల్ మాన్యువల్లోనే ఉంటుంది. మేసన్రీకి అయితే కోడ్ ప్రకారం ఓపెనింగ్‌కి 6 అంగుళాల లోపల చెక్క అసలు ఉండకూడదు, 12 అంగుళాల లోపల ఉంటే దూరాన్ని బట్టే ఎంత ముందుకి పొడుచుకు రావచ్చో లెక్క. మేసన్రీ ఓపెనింగ్ ముందు నేల మీద రాయి లేదా టైల్ కనీసం 16 అంగుళాలు, పక్కలకి 8, ఓపెనింగ్ 6 చదరపు అడుగులు లేదా అంతకంటే పెద్దదైతే 20, 12. ఫ్యాక్టరీ మోడల్స్‌కి మాన్యువల్ చెప్పిందే కొలత. హార్డ్‌వుడ్ ఫ్లోర్ వేసేవాళ్ళకి ఈ కొలత ముందే ఇవ్వకపోతే చెక్క పరిచేస్తారు.

పాకే పిల్లలుంటే గాజు ముందు బ్యారియర్ స్క్రీన్ తప్పనిసరి, ఆ గాజు ముట్టుకుంటే క్షణంలో చర్మం ఊడివచ్చేంత వేడి ఉంటుంది.

స్టెప్ 7: బిల్డర్‌తో రాతకోతలు, గోడ మూసేముందు చూడాల్సినవి

కాంట్రాక్ట్‌లో ఫైర్‌ప్లేస్ అని ఒక్క మాట రాసి వదిలెయ్యొద్దు. కంపెనీ, మోడల్ నంబర్, చిమ్నీ పైపు మోడల్, బయటి గాలి డక్ట్, మేకప్ ఎయిర్, అన్నీ పేరుపేరునా రాయించండి. బిల్డర్ ఆ మోడల్‌కి సమానమైనది అని వేరేది పెడతామంటే మాన్యువల్ చూడకుండా ఒప్పుకోవద్దు. ఒక కంపెనీ పెట్టెకి ఇంకో కంపెనీ పైపు తగిలించడం కుదరదు, కలిపి టెస్ట్ చేసినవే వాడాలి. ఇన్‌స్టాల్ చేసేవాళ్ళకి ఎన్ఎఫ్ఐ (నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్) సర్టిఫికేషన్ ఉందా అని అడగండి, మామూలు ఫ్రేమింగ్ వాళ్ళతో చేయించేస్తామంటే ఒప్పుకోకండి.

డ్రైవాల్ వేసేముందు ఒకసారి వెళ్ళి ఫోన్‌లో అన్ని మూలలా ఫోటోలు తీసుకోండి. పైపు చుట్టూ చెప్పినంత ఖాళీ ఉందా, ఆ ఖాళీలో ఎవరైనా ఇన్సులేషన్ కుక్కేశారా, ప్రతి అంతస్తు దాటేచోట మంట పైకి పాకకుండా ఆపే ఫైర్‌స్టాప్ రేకు ఉందా, గాలి డక్ట్ నిజంగా బయటికి తెరుచుకుందా. ఆ ఖాళీ వేడి చెక్కకి తగలకుండా ఉండేందుకే, అందులో దూది నింపితే దాని పని పోతుంది. గోడ మూసేశాక ఇవేవీ కనపడవు.

ఇంకో మాట, మంచి ఎఫిషియెన్సీ ఉన్న స్టవ్‌లకి ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 30 శాతం వస్తుందని డీలర్ బ్రోచర్లలో ఇంకా కనపడొచ్చు, అది 2025 డిసెంబర్ 31తో అయిపోయింది, బడ్జెట్‌లో కలుపుకోకండి.

స్టెప్ 8: కట్టెలు

ఇల్లు మొదలైన రోజే కట్టెలు కొని ఎండబెట్టడం మొదలుపెట్టండి, ఇల్లు అయ్యేసరికి త్వరగా ఎండే రకాలైనా తయారవుతాయి. పచ్చి కట్టె వేడంతా తనలోని నీళ్ళు ఆవిరి చెయ్యడానికే ఖర్చు చేస్తుంది, పొగ వస్తుంది, మసి పడుతుంది. తేమ 20 శాతం లోపు ఉండాలి, చిన్న మాయిశ్చర్ మీటర్ కొనుక్కుని కట్టెని అప్పటికప్పుడు చీల్చి లోపలి వైపు కొలవండి, పైన కొలిస్తే అబద్ధం చెబుతుంది. పైన్ లాంటివి ఆర్నెల్లకి ఎండుతాయి, ఓక్ లాంటి చేవకట్టెకి ఒకటి రెండేళ్ళు పట్టొచ్చు. కార్డ్ అంటే 4 అడుగుల వెడల్పు, 4 ఎత్తు, 8 పొడవు, 128 ఘనపుటడుగులు. ఫేస్ కార్డ్ అని అమ్మేది సాధారణంగా అందులో మూడోవంతే, రేటు అడిగేటప్పుడు ఏ కార్డ్ అని అడగండి. దూరాలనుంచి తేవొద్దు, ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు కట్టెలతోనే రాష్ట్రాలు దాటి కోట్ల యాష్ చెట్లని చంపింది. ఇంటి గోడకి ఆనించి పేర్చకండి, చెదలు వస్తాయి. కన్‌స్ట్రక్షన్‌లో మిగిలిన ట్రీటెడ్ చెక్క ముక్కలు, పెయింట్ వేసినవి అస్సలు కాల్చకూడదు, ఆ పొగ విషం.

స్టెప్ 9: మొదటి మంట

మేసన్రీ అయితే సిమెంట్ ఆరేదాకా సుమారు నెల ఆగి, తర్వాత రోజుకి కొంచెం చొప్పున చిన్న మంటలతో మొదలుపెట్టండి. ఫ్యాక్టరీ మోడల్‌కి మొదటి ఒకటి రెండుసార్లు పెయింట్ కాలిన వాసన వస్తుంది, అలారమ్‌లు మోగొచ్చు, కిటికీలు తీసి పెట్టి, పిల్లల్ని, పెద్దవాళ్ళని కాసేపు బయటికి పంపండి.

వెలిగించే ముందు డ్యాంపర్ తెరిచి ఒక అగరుబత్తి లోపల పట్టుకోండి. పొగ పైకి పోతే సరే, గదిలోకి వస్తుంటే చిమ్నీ చల్లగా ఉందన్నమాట, ఓ కాగితం చుట్టి వెలిగించి పైవైపు పట్టుకుని చిమ్నీని వెచ్చచేశాక పుల్లలు పేర్చండి. అదే అగరుబత్తితో ఇంకో పరీక్ష, ఇంట్లో కిటికీలు, తలుపులన్నీ మూసి రేంజ్ హుడ్ ఫుల్‌లో, డ్రైయర్, బాత్‌రూమ్ ఫ్యాన్లు అన్నీ ఆన్ చేసి చూడండి. పొగ గదివైపు తిరిగితే స్టెప్ 5లో ఎక్కడో పని సరిగ్గా జరగలేదు, బిల్డర్ వారంటీ ఉండగానే సరిచేయించుకోండి, అప్పటిదాకా మంట వెయ్యకండి.

బూడిదని మూత ఉన్న ఇనప బకెట్‌లోనే తియ్యాలి, ఆ బకెట్‌ని గరాజ్‌లోనో చెక్క డెక్ మీదో పెట్టకుండా ఇంటికి దూరంగా నేలమీద పెట్టండి, బూడిద కింద నిప్పు రెండు మూడు రోజులు కూడా బతికే ఉంటుంది. ఏడాదికోసారి, చలి మొదలవ్వకముందే, సీఎస్ఐఏ (చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా) సర్టిఫైడ్ చిమ్నీ స్వీప్‌ని, అంటే చిమ్నీ శుభ్రం చేసే అతన్ని, పిలిపించి చూపించండి, అక్టోబర్ వచ్చేసరికి వాళ్ళ డేట్లు దొరకవు కాబట్టి ఎండాకాలంలోనే బుక్ చేసుకోండి. ఆ రిపోర్టులు, మాన్యువల్, డ్రైవాల్‌కి ముందు తీసిన ఫోటోలు అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టుకుంటే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగినా, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ ఇన్‌స్పెక్టర్ అడిగినా వెతుక్కోనక్కర్లేదు.